నీళ్లు లోపలికొచ్చినా మునగని పడవ
- సిక్కోలు తీరంలో తెప్ప, కొండ కింద దోనె
- దుంగ కరువైంది, పనితనం పలచబడుతోంది
- పారేసిన సామాన్లతో కొత్త తెప్పలు, పెరుగుతున్న ప్రమాదం

పడవ అనగానే లోపలికి నీరు రానిదని అనుకుంటాం. చిల్లు పడితే మునుగుతుందని భయపడతాం. కాని శ్రీకాకుళం, విజయనగరం తీరాల్లో తరతరాలుగా మత్స్యకారులు నమ్ముకున్న తెప్పకు అసలు లోపలి భాగమే లేదు. నాలుగైదు దుంగల్ని పక్కపక్కన చేర్చి బిగించిన బల్ల వంటిది అది. దుంగల సందుల్లోంచి నీళ్లు పైకి వస్తాయి, అదే దారిన పోతాయి. మీద కూర్చున్నవాడు నడుము దాకా తడుస్తాడు. తెప్ప మాత్రం మునగదు. పెద్ద కెరటం కొట్టి బోల్తా వేసినా, తిరగేసుకుని మళ్లీ ఎక్కి కూర్చోవచ్చు.

దీన్ని తయారు చేయడానికి కర్మాగారం అక్కర్లేదు. కొండ నుంచి వచ్చిన తేలిక కర్ర, కొబ్బరి పీచు తాడు, వెదురు, ఒక బాడిశ, ఒక ఉలి, చేయి తిరిగిన ఇద్దరు మనుషులు ఉంటే ఇసుక మీదే తయారయ్యేది. ఇప్పుడు ఆ దుంగ దొరకడం లేదు. దాన్ని ఎంచగల కన్నూ, చెక్కగల చేయీ తగ్గిపోతున్నాయి. వాటి చోటును ఒక వైపు ఫైబర్ తెప్పలు, మరో వైపు థర్మాకోల్ ముక్కలు, పాత ట్యూబులు, ఖాళీ డ్రమ్ములు ఆక్రమిస్తున్నాయి. మొదటిది డబ్బున్న వారికి. రెండోది లేనివారికి. ఆ రెండో రకంలో ప్రాణాలు తేలుతున్నది ఎంతటి ఆధారం మీదో ఒకసారి లెక్క వేసి చూడవలసిన అవసరం ఉంది.

రేవు లేని తీరం

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది. రాష్ట్రంలోని పొడవైన తీరాల్లో ఇది ఒకటి. విజయనగరం జిల్లాకు ఉన్నది పూసపాటిరేగ, భోగాపురం మండలాల్లో సుమారు 28 కిలోమీటర్లు. బారువ, భావనపాడు, కళింగపట్నం, బందరువానిపేట మొదలు కోనాడ, చింతపల్లి, ముక్కాం వరకు వరసగా మత్స్యకార గ్రామాలే. అయితే ఈ పొడవునా ప్రకృతి ఇచ్చిన మంచి రేవు లేదు. వంశధార, నాగావళి, చంపావతి వంటి నదులు సముద్రంలో కలిసే చోట్ల ఇసుక మేటలు వేసి మొగలు పూడిపోతుంటాయి.

కాబట్టి ఇక్కడ వేటకు వెళ్లడమంటే తెరిచి ఉన్న ఒడ్డు నుంచి నేరుగా కెరటాల్లోకి దిగడమే. ఒడ్డుకు దగ్గరలో కెరటాలు రెండు మూడు వరసలుగా విరిగి పడతాయి. నైరుతి రుతుపవనాల రోజుల్లో వాటి ఉధృతి మరీ ఎక్కువ. ఇలాంటి చోట బరువైన చెక్క పడవ తెచ్చి పెడితే, దానిలోకి నీరు నిండుతుంది, అడ్డం తిరుగుతుంది, ఇసుక మీద మోది పగులుతుంది. నీటిని బయట ఉంచాలని ప్రయత్నించే పడవకు ఇక్కడ మొదటి పరీక్షే కఠినం.

తెప్ప ఆ ప్రయత్నమే చేయదు. కెరటం దాని మీదుగా పోతుంది. అడుగు లోతుగా ఉండదు కాబట్టి ఇసుక తగిలినా నష్టం లేదు. నలుగురు కలిస్తే పైకి ఈడ్చుకురావచ్చు. దుంగల్ని విడదీస్తే ఒక్కొక్కటిగా భుజాన మోసుకుపోవచ్చు. వాడలో పుట్టిన కుర్రవాడు కెరటాల్ని లెక్కపెట్టడం ముందు నేర్చుకుంటాడు. పెద్ద కెరటాల వరస పోయి కాస్త నెమ్మదించిన క్షణం చూసి తెప్పను నెట్టడం, వెంటనే ఎక్కి తెడ్డు వేయడం, తరువాతి వరస వచ్చేలోగా ఆవలికి చేరడం. తెప్పకు ఆకారం ఎంత ముఖ్యమో ఈ అదను తెలియడం అంతే ముఖ్యం.

ఇంగ్లిషులోని 'కేటమరాన్' అనే మాట ఈ తూర్పు తీరం నుంచే వెళ్లింది. అరవంలో కట్టుమరం అంటే కట్టిన కర్ర. ఇప్పుడు ఐరోపా, అమెరికాల్లో రెండు డొప్పలతో పరుగులు తీసే ఖరీదైన నౌకల్ని ఆ పేరుతో పిలుస్తున్నారు. పేరు అక్కడికి చేరింది గాని, పని మాత్రం ఇక్కడి ఇసుక మీదే మిగిలింది.

దుంగలోనే ఉంది గుట్టు

ఏ కర్ర పడితే ఆ కర్ర తెప్పకు పనికిరాదు. టేకు, మద్ది వంటి గట్టి కర్ర ఇంటికి మంచిదే, తెప్పకు బరువు. తెప్పకు కావలసింది తేలికైనది, నిటారుగా పెరిగింది, త్వరగా నీరు పీల్చనిది. తూర్పు కనుమల అడవుల్లో తణుకు, పొణుకు అనే పేర్లతో పిలిచే చెట్టు ఒకటి ఉంది. సామర్లకోటలో ఉండి కోరమండల్ తీరపు మొక్కల్ని పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్, 1795లో మొదలైన తన గ్రంథంలో ఈ చెట్టును వర్ణిస్తూ, తగిన సైజులో దొరికితే తెప్పలకు మిగిలిన అన్నిటికంటే దీన్నే కోరుకుంటారని రాశాడు. బాడిద, బూరుగ వంటి మెత్తని కర్రలూ తేలికే. కాని బూరుగ త్వరగా కుళ్లిపోతుంది.

కర్ర తేలికదనం ఎంత తేడా తెస్తుందో చిన్న లెక్కతో చూడవచ్చు. 6 మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల అడ్డుకొలత గల గుండ్రని దుంగ ఒకటి తీసుకుందాం. అది పూర్తిగా మునిగితే సుమారు 435 కిలోల సముద్రపు నీటిని తొలగిస్తుంది. ఘనపు మీటరుకు 400 కిలోలు తూగే ఎండిన తేలిక కర్ర అయితే, దుంగ సొంత బరువు 170 కిలోలు. అంటే 265 కిలోల వరకు అదనపు బరువును మోయగలదు. అదే దుంగ నీరు పీల్చి ఘనపు మీటరుకు 700 కిలోల బరువుకు చేరితే, సొంత బరువే 297 కిలోలవుతుంది. మోయగలిగేది 138 కిలోలకు పడిపోతుంది. దుంగ అదే, పొడవు అదే. బలం మాత్రం దాదాపు సగమైంది.

అందుకే వేట నుంచి రాగానే కట్లు విప్పి దుంగల్ని ఇసుక మీద ఆరబెట్టడం ఆచారమైంది. చూసేవారికి అది పడవను పాడు చేసినట్టు కనిపించవచ్చు. నిజానికి మర్నాటి వేటకు దాన్ని సిద్ధం చేస్తున్నారన్నమాట. ఒక్క తెప్పే ఉన్నవాడు రోజూ దాని మీదే వెళ్లవలసి వస్తే దుంగలకు ఆరే వ్యవధి ఉండదు. ఏటికేడు తెప్ప కొంచెం కొంచెంగా నీటిలోకి దిగుతుంది. ఎప్పుడు మార్చాలో కన్ను చెబుతుంది, చేతిలో డబ్బు చెప్పనివ్వదు.

కట్టడంలో పనితనం

దుంగ తొక్క తీసి, నీడలో ఆరబెట్టి, బాడిశతో చెక్కడం మొదలుపెడతారు. మధ్య దుంగలు పొడవుగా, పక్క దుంగలు కాస్త పైకి లేచేట్టు అమరుస్తారు. దాంతో తెప్ప పైభాగం చాట మాదిరిగా లోతుపడి కూర్చునే వీలు కలుగుతుంది. ముందు కొన పైకి వంపు తిరిగి ఉండాలి. అంత వంపు ఉన్న దుంగ దొరకదు కాబట్టి కొనకు విడి ముక్కలు చెక్కి అతుకుతారు. ఈ కొనే కెరటాన్ని చీలుస్తుంది. దీని వాలు తప్పితే తెప్ప ముక్కు నీటిలో గుచ్చుకుని తలకిందులవుతుంది.

తరువాత అడ్డకర్రలు పెట్టి తాళ్లతో బిగిస్తారు. ఒడిశా వైపు వెళ్లేకొద్దీ మరో పద్ధతి కనిపిస్తుంది. దుంగల్ని కర్ర చీలలతో బిగించి రెండు సగాలుగా చేసుకుని, నీటిలోకి దిగేముందు ఆ రెండు సగాల్నీ కలిపి కట్టేస్తారు. ఒక్కో సగాన్ని విడిగా మోయవచ్చు. పూరీ సముద్ర తీరంలో స్నానాలు చేసే యాత్రికుల్ని కాపాడే నులియాలు తెలుగువారేనని చాలామందికి తెలియదు. ఈ ప్రాంతం నుంచి ఉత్తరానికి వలస వెళ్లిన వాడబలిజల సంతతి అక్కడి పెంటకోటలో స్థిరపడింది. వారితోపాటే తెప్ప పని కూడా వెళ్లింది.

తెప్పకు వాడే తాడు గురించీ చెప్పుకోవాలి. ఉద్దానం కొబ్బరి పేరు తెలియనిదెవరికి? కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు తోటల్లోని కొబ్బరి పీచుకు ఒక గుణం ఉంది. ఉప్పునీటిలో తడిసినా త్వరగా కుళ్లదు. పైగా తడిసిన తాడు దుంగల్ని పట్టి ఉంచుతూనే కాస్త సాగనిస్తుంది. కెరటం కొట్టినప్పుడు దుంగలు ఒకదానితో ఒకటి కొద్దిగా కదలాలి. బిర్రుగా మేకులు కొట్టి కదలకుండా చేస్తే మేకు దగ్గరే కర్ర చీలుతుంది. ఇనుము ఉప్పునీటిలో తుప్పు పడుతుంది కూడా. తరువాత నైలాను తాడు వచ్చి పీచు తాడును చాలా వరకు తప్పించింది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి చెట్లను కూకటివేళ్లతో పెకలించింది. తోటల్ని నమ్ముకున్న పనులన్నీ ఆ దెబ్బతో కుంగిపోయాయి.

మేకు లేని పెద్ద పడవ

ఇదే సూత్రంతో కట్టిన మరో పడవ ఈ తీరంలో ఒకప్పుడు విరివిగా తిరిగేది. అది మసూలా పడవ. దీనికి పలకలున్నాయి, లోపలి భాగం ఉంది, కాని మేకు లేదు. పక్కటెముకల వంటి అడ్డ వాసాలూ లేవు. పలకల అంచుల వెంబడి చిల్లులు పొడిచి, సందుల్లో ఎండుగడ్డి, పీచు కూరి, కొబ్బరి తాడుతో బట్ట కుట్టినట్టు కుట్టేవారు. కెరటం కొడితే పడవ ఒళ్లంతా వంగేది, మళ్లీ సర్దుకునేది. నీరు ఊరుతూనే ఉండేది. తోడి పోయడానికి ఒక మనిషి ఎప్పుడూ ఉండవలసిందే.

ఆంగ్లేయుల కాలంలో కళింగపట్నం, భీమునిపట్నం వంటి చోట్ల ఓడలు ఒడ్డుకు రాలేక దూరాన లంగరు వేసేవి. ఓడకూ ఒడ్డుకూ మధ్య సరుకును, మనుషుల్ని చేరవేసింది ఈ కుట్టు పడవలే. ఆ రేవుల్లో ఓడల రాకపోకలు నిలిచిపోయాక వీటికి మిగిలిన పని అలివి వల వేయడం. ఒడ్డు నుంచి బయలుదేరి అర్ధచంద్రాకారంగా వల వదులుతూ మళ్లీ ఒడ్డుకు చేరడం, తరువాత ఊరంతా కలిసి వలను లాగడం. ఆ పనికీ ఇప్పుడు వేరే పడవలు వచ్చాయి.

కొండ దిగువన దోనె

సముద్రం వదిలి పడమటికి వెళితే నదులు, చెరువులు, జలాశయాలు. ఇక్కడ కెరటాలు లేవు, వరద ఉంది. అవసరమూ వేరు. చేపల వేటతోపాటు ఏరు దాటడం. ఇక్కడ పడవకు మూలం తాటిచెట్టు.

తాటిచెట్టు నిర్మాణమే దోనె కోసం చేసినట్టుంటుంది. పైన నల్లని గట్టి చేవ, లోపల మెత్తని బెండు. ముదిరిన చెట్టును మొదలుతో సహా పడగొట్టి, నిలువునా ఒక వైపు తెరిచి, లోపలి బెండును తొలిచివేస్తే డొప్ప మిగులుతుంది. మొదలు లావుగా, వేళ్ల గడ్డతో మూసుకునే ఉంటుంది కాబట్టి అదే దోనెకు ముందు భాగం. తెరిచి ఉన్న రెండో కొనకు పలక బిగించి బంకమట్టి మెత్తుతారు. ఖర్చు తక్కువ, పని రోజుల్లోనే అయిపోతుంది.

దోనెకు లోపం ఒక్కటే. అడుగు గుండ్రంగా, వెడల్పు తక్కువగా ఉండటంతో ఇట్టే పక్కకు ఒరుగుతుంది. దానికి పెద్దలు కనిపెట్టిన ఉపాయం రెండు దోనెల్ని పక్కపక్కన కట్టడం. దాన్నే సంగడి అంటారు. సంగడీడు అంటే స్నేహితుడని మనకు తెలుసు. ఒంటరిగా ఒరిగిపోయే దోనె జత దొరికితే నిలదొక్కుకుంటుంది. సుమారు రెండు వేల ఏళ్ల కిందటి గ్రీకు నావికుల గ్రంథం 'పెరిప్లస్' తూర్పు తీరంలో దుంగల్ని జతగా కట్టిన 'సంగర' అనే పెద్ద నావల్ని పేర్కొంది. ఆ మాటనూ మన సంగడినీ పండితులు ముడిపెడతారు.

వరద రోజుల్లో అంత వ్యవధి కూడా ఉండదు. అప్పుడు పెరటి అరటే దిక్కు. అరటి బోదె నిండా గాలి గదులే. నాలుగైదు బోదెల్ని పక్కన పేర్చి, వెదురు పుల్లల్ని అడ్డంగా గుచ్చి, తాడు చుడితే గంటలో తెప్ప తయారు. పది రోజుల్లో కుళ్లిపోతుంది. అప్పటికి వరద తీసి ఉంటుంది కాబట్టి బాధ లేదు.

ఒడిశా కొండల్లో పుట్టిన నాగావళి మన్యం దాటి శ్రీకాకుళం దగ్గర సముద్రంలో కలుస్తుంది. దారిలో దాని ఆవలి గట్టున చిక్కుకున్న గ్రామాలకు పడవే రోడ్డు. 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోని కొమరాడ మండలం పూర్ణపాడు, లాబేసు మధ్య వంతెన ఏళ్ల తరబడి అసంపూర్తిగా నిలిచిపోవడంతో అవతలి పల్లెల గిరిజనులు నాటు పడవల మీదే బడికి, ఆస్పత్రికి, సంతకు రావలసి వచ్చింది. చేపలు పట్టేవాడు తన దోనె ఎంత మోస్తుందో ఎరుగును. సంతకు పోయే పదిమంది ఎక్కితే ఆ లెక్క తప్పుతుంది. ఏటి ప్రమాదాలకు తరచు మూలం పడవ నాటుదనం కన్నా దాని మీద ఎక్కిన జనమే.

ఫైబర్ వచ్చింది

తెప్పకు కష్టకాలం 1980ల తరువాత మొదలైంది. అడవిలో లావైన తేలిక కర్ర అరుదైంది. నరకడం మీద ఆంక్షలు పెరిగాయి. దొరికిన దుంగ ధర మత్స్యకారుడికి అందకుండా పోయింది. మద్రాసు కేంద్రంగా 1979లో ఆరంభమైన ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ వారి బంగాళాఖాత పథకం, రేవులు లేని ఈ తీరాల్లో కెరటాల్ని దాటి ఒడ్డుకు చేరగల పడవల కోసం ప్రయోగాలు చేసింది. ఇంజనీర్ల ముందున్న చిక్కు ప్రశ్న కొత్తదేమీ కాదు. తేలికగా ఉండాలి, మునగకూడదు, ఇసుక మీదికి లాగగలగాలి. తెప్ప ఏనాడో జవాబు చెప్పిన ప్రశ్నే అది.

చివరకు ఒడ్డుకు చేరింది ఫైబర్ తెప్ప. రెజిన్, గాజు నార కలిపి పోసిన డొల్ల, దాని కడుపులో నురగ బెండు. తెప్ప ఆకారం చాలా వరకు నిలిచింది, దుంగ పోయింది. ఇది నీరు పీల్చదు, రోజూ ఆరబెట్టనక్కర్లేదు, వెనుక ఇంజను బిగించవచ్చు. దూరం వెళ్లవచ్చు, త్వరగా రావచ్చు. మత్స్యకారుడు దీన్ని ఎంచుకోవడంలో తప్పు పట్టవలసింది ఏమీ లేదు.

అయితే దానితోపాటు లెక్కలు మారాయి. పడవ కొనాలి, ఇంజను కొనాలి, ఇంధనం పోయాలి. తాడు తెగితే కట్టుకోవడం ఇంటి పని. డొల్ల పగిలితే రెజిన్ కొనాలి, పనివాడిని పిలవాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. అది మరపడవలకు, ఇంజను పడవలకు వర్తిస్తుంది. తెడ్డుతో, తెరచాపతో నడిచే సంప్రదాయ తెప్పకు మినహాయింపు ఉంది. ఆ మినహాయింపును వాడుకోగల తెప్పలే కరువైపోతున్నాయి.

సొంత పడవ లేనివాడు కూలీగా వేరే తీరానికి పోతాడు. సిక్కోలు నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు సాగే వలసకు ఇదొక్కటే కారణం కాదు. రేవులు లేకపోవడం, అప్పులు, చేపలు తగ్గడం అన్నీ ఉన్నాయి. కాని సొంత తెప్ప ఉన్నవాడికి కనీసం ఊళ్లో ఉండిపోయే దారి ఒకటి ఉంటుంది. 2018 నవంబరులో వెరావల్ పడవల మీద పనిచేస్తున్న ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ దళాలకు చిక్కారు. ఏడాదికి పైగా జైల్లో ఉన్నాక 2020 జనవరిలో 20 మంది వాఘా సరిహద్దులో విడుదలయ్యారు. 2025లో వచ్చిన 'తండేల్' సినిమాతో ఆ కథ రాష్ట్రమంతటికీ తెలిసింది. సినిమా చూసినవారు, వీరు ఇంటి ముందున్న సముద్రాన్ని వదిలి అంత దూరం ఎందుకు వెళ్లారని అడగకుండా ఉండలేరు.

పారేసిన సామాన్లతో

దుంగా దొరక్క, ఫైబరూ కొనలేక ఉన్నవాడు ఊరుకోడు. చేతికందినది తెచ్చి తేలుస్తాడు. చేపల పెట్టెలకు, యంత్రాల ప్యాకింగుకు వాడి పారేసిన థర్మాకోల్ అచ్చుల్ని పేర్చి, గోనె పట్టాలో, పాత వలలో చుట్టి, మీద పలక కట్టి ఒంటి మనిషి తెప్ప చేస్తున్నారు. చెరువుల్లో, జలాశయాల్లో లారీ ట్యూబులో గాలి కొట్టి, దాని మీద కూర్చుని వల వేసేవారు ఎందరో. ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ములు నాలుగు కట్టి పైన వెదురు తడక పరిచేవారూ ఉన్నారు.

ఈ తెలివిని చులకన చేయడానికి లేదు. తెప్ప చేసిన తాతకు ఉన్న తెలివే ఇది. కాని తాతకు తన దుంగ గుణం తెలుసు. మనవడి చేతిలో ఉన్న సామాను గుణం వేరు. అది తెలుసుకోక దిగితే ప్రమాదం. అందుకే కొన్ని విషయాలు:

థర్మాకోల్ చాలా తేలిక. ఘనపు మీటరు 15 నుంచి 20 కిలోలకు మించదు. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, 20 సెంటీమీటర్ల మందం గల దిమ్మ పూర్తిగా మునిగితే సుమారు 100 కిలోలు మోస్తుంది. అయితే పూర్తిగా మునిగే వరకు బరువు వేయకూడదు. సగానికి మించి మునగకుండా చూసుకోవాలంటే ఒక్కో దిమ్మకు 50 కిలోలే లెక్క. 60 కిలోల మనిషి, 20 కిలోల వల, పలక, చేపలు కలిస్తే రెండు దిమ్మలు కనీస అవసరం. మూడు ఉంటే మేలు.

థర్మాకోల్‌కు పెద్ద శత్రువు పెట్రోలు. పెట్రోలు తగిలితే అది కరిగిపోతుంది. ఇంజను పెట్టిన తెప్ప మీద ఇంధనం ఒలికితే అడుగున ఏం జరుగుతోందో పైవాడికి తెలియదు. ఫైబర్ పనికి వాడే మామూలు రెజిన్ కూడా దాన్ని తినేస్తుంది. థర్మాకోల్ మీద నేరుగా రెజిన్ పూసి ఫైబర్ తెప్ప చేద్దామనుకున్నవాడికి లోపల బోలు మిగులుతుంది. ఎండకూ రాపిడికీ అది గుండలై రాలుతుంది. ఆ గుండలు నీటిలో, ఇసుకలో మిగిలి చేపల కడుపుల్లోకి, గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ల కడుపుల్లోకి చేరతాయి. గట్టి పట్టాలో గాలి చొరకుండా చుట్టడం అందుకే అవసరం.

డ్రమ్ము లెక్క తేలిక. 200 లీటర్ల డ్రమ్ము మూత బిగువుగా ఉంటే 200 కిలోల వరకు మోస్తుంది. సగం లెక్కన నాలుగు డ్రమ్ములకు 400 కిలోలు. డ్రమ్ముల సొంత బరువు, పైన వేసిన తడక, కర్రల బరువు 120 కిలోలనుకుంటే మిగిలేది 280. అంటే సామానుతో కలిపి నలుగురు. ఐదోవాడిని ఎక్కించుకుంటే ఆపద. రసాయనాలు, పురుగుమందులు పోసిన డ్రమ్ముల జోలికి పోకూడదు.

లారీ ట్యూబుది మరో కథ. దాని బలమంతా ఒకే గాలి గదిలో ఉంది. ఒక్క ముల్లు, ఒక్క విరిగిన కొమ్మ చాలు. దుంగల తెప్పలో ఒక దుంగ ఊడినా మిగిలినవి తేలతాయి. అరటి బోదెల్లో ఒకటి పోయినా నాలుగుంటాయి. పాత పడవలన్నిటిలోనూ ఉన్న ఈ జాగ్రత్త ట్యూబులో లేదు. ఒకటికి రెండు ట్యూబులు కట్టడం, వాటి మధ్య కొంత బెండు పెట్టడం ఆ లోటును కొంత పూడుస్తుంది. సముద్రంలోకి మాత్రం ట్యూబు మీదగాని, విడి థర్మాకోల్ మీదగాని కెరటాలు దాటి వెళ్లడం ప్రాణంతో చెలగాటమే. మీద నుంచి జారిన మనిషిని వదిలి గాలి వాటుకు అది ఎటో కొట్టుకుపోతుంది. బరువైన దుంగల తెప్ప అంత త్వరగా మనిషిని వదిలిపోదు.

చేయదగిన పని ఉంది

పాత తెప్పను యథాతథంగా తిరిగి తెమ్మని ఎవరూ అడగడం లేదు. అంత కర్ర అడవిలో లేదు. కాని దారులు మూసుకుపోలేదు. కొచ్చిలో 1957లో నెలకొల్పిన కేంద్రీయ మత్స్య సాంకేతిక సంస్థకు విశాఖపట్నంలో పరిశోధన కేంద్రం ఉంది. చవకైన రబ్బరు కర్రకు మందు పట్టించి, పైన ఫైబర్ పొర వేసి చిన్న పడవలు చేసిన అనుభవం ఆ సంస్థకు ఉంది. అటువంటి పద్ధతిని ఈ కెరటాలకు, ఈ తెప్ప ఆకారానికి అన్వయించి చూడవచ్చు. తోటల్లో త్వరగా పెరిగే తేలిక కర్రను ఇందుకోసం పెంచవచ్చు.

అంతకంటే ముందు చేయవలసింది, దుంగ మీద చేయి వేసి ఇది పనికొస్తుంది, ఇది రాదు అని చెప్పగల ముసలివారు ఉండగానే వారి పనిని కొలతలతో సహా రాయించి పెట్టడం. ఏ కొనకు ఎంత వంపు, ఏ దుంగకు ఎంత పొడవు, ఏ ముడి ఎక్కడ అన్నది ఏ పుస్తకంలోనూ పూర్తిగా దొరకదు. వాడలోని కుర్రవాళ్లకు ఫైబర్ మరమ్మతు, రెజిన్ వాడకంలో శిక్షణ ఇస్తే పగిలిన పడవకు ఊళ్లోనే ప్రాణం పోయవచ్చు. తుపాను తరువాత పరిహారం లెక్క రాసేటప్పుడు చిన్న తెప్పను కూడా పడవగానే రాయాలి.

ఇక నాగావళి, జంఝావతి గట్ల మీద పల్లెలకు కావలసింది మంచి దోనె కాదు, వంతెన. అది వచ్చే వరకు రేవు దగ్గర ఇంతమందే ఎక్కాలని గీత గీసి చెప్పే మనిషి, ఎక్కేవారికి తేలే చొక్కాలు ఉండాలి. వీటికయ్యే ఖర్చు పెద్దది కాదు. వానలు మొదలై ఏరు నిండకముందే ఈ పనులు పూర్తి కావాలి.